పెద్దమ్మ పెట్టని సంతకం

మా పెద్దమ్మకి లెక్కలు తప్ప వేరే సంతానం లేదని ఊళ్లో అనేవారు. నేను ఆ ఇంట్లోనే పెరిగాను కాబట్టి ఆ మాట విన్నప్పుడల్లా నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మకి జబ్బు చేసింది. నన్ను తీసుకొచ్చి తన అక్క దగ్గర నెల రోజులకని వదిలింది. ఆ నెల ఇంకా అవలేదు.

పెద్దమ్మ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. ఊరంతటికీ లెక్కల మేడమ్. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా మా ముందుగదిలో పొడుగు బల్ల చుట్టూ పాతికమంది ఆడపిల్లలు కూర్చునేవారు. లెక్కలూ ఫిజిక్సూ చెప్పేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఏ తండ్రయినా కూతురి చేత లెక్కలు మాన్పించి కుట్టుపని కోర్సులో వేస్తున్నాడని తెలిస్తే, గొడుగు పట్టుకుని వాళ్ల గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యేది. "ఆడపిల్లకి లెక్కలు రావన్నవాడికే లెక్క రాదు" అనేది. ఆవిడ గుమ్మం ఎక్కాక మాట దక్కించుకున్న తండ్రి లేడు. ఇది నేను పొగడ్తకి చెప్పడం లేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఇవాళ ఇంజినీర్లున్నారు, లెక్చరర్లున్నారు. అది నిజం. ఇప్పుడు నేను చెప్పబోయేదీ నిజమే.

నాకు లెక్కలు వచ్చేవి కావు. పెద్దమ్మ నన్ను అందరిముందూ 'మా ఇంటి సున్నా' అని పిలిచేది. "సున్నాకి విలువ లేదనుకోకండే, పక్కన ఎవరైనా నిలబడితే ఉంటుంది" అనేది. పిల్లలు పకపకా నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఇంకోసారి చెప్పేది.

నాకు పదహారేళ్లప్పుడు ఆ బల్ల దగ్గరికి ఒక కొత్త పిల్ల వచ్చింది. టైల్స్ మేస్త్రి కూతురు. నా ఈడుదే. సెలవురోజుల్లో తండ్రితో పాటు పనికి వెళ్లి పలకల సందుల్లో తెల్ల సిమెంటు పూసేది. ఎంత కడుక్కున్నా గోళ్ల చుట్టూ తెల్లగా ఉండేది. మాట్లాడేది తక్కువ. అడిగితే జవాబు చెప్పేది, అడక్కపోతే బల్ల చివర కూర్చుని కిటికీలోంచి ఎదురింటి మెట్లు చూసేది.

పెద్దమ్మకి ఒక ముద్దుల లెక్క ఉండేది. ఏటా ఒకసారి బోర్డు మీద వేసేది. మూడు వరసల గడులున్న నేల. ఒక్కో వరసలో ఏడు గడులు. మొత్తం ఇరవై ఒకటి. దాని మీద పరచాల్సిన పలక తాపీవాళ్ల మూలమట్టంలా, ఇంగ్లీషు L ఆకారంలో ఉంటుంది, మూడు గడులు కప్పుతుంది. అంటే ఏడు పలకలు సరిగ్గా సరిపోవాలి. కానీ ఎన్ని రకాలుగా తిప్పినా సరిపోవు. ఎక్కడో ఒకచోట గడి మిగిలిపోతుంది, పలక బయటికి పొడుచుకొస్తుంది. ఏడు తీసేసి తొమ్మిది పెట్టినా, పదకొండు పెట్టినా, ఏ బేసి సంఖ్య పెట్టినా ఇదే తంతు. ఎందుకని?

ఆ ఎందుకనికి పెద్దమ్మ పడుచువయసులో పదకొండు పేజీల సమాధానం రాసింది. టీచర్ల సంఘం పత్రికలో అచ్చయింది. ఆవిడ పేరు అచ్చులో పడ్డది ఆ ఒక్కసారే. ఆ సంచికలు ఆరు, అట్టలు వేసి బీరువాలో పెట్టుకుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆ సంచికల్ని తడిచేత్తో ముట్టుకోకూడదని నాకు తెలిసింది.

"ఇది పదకొండు పేజీల లెక్కర్రా. కాస్త కాస్తగా చెబుతాను, వారం పడుతుంది" అంది ఆ రోజు.

బల్ల చివరనుంచి మేస్త్రి కూతురు చెయ్యెత్తింది. "చుక్కలు పెట్టొచ్చా అండి?"

"ఏం చుక్కలు?"

ఆ పిల్ల లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. పై వరసలో ఒక గడి విడిచి ఒక గడిలో చుక్క పెట్టింది. నాలుగు చుక్కలు. కింది వరసలోనూ అలాగే నాలుగు. నడిమి వరస ఖాళీగా వదిలేసింది.

"ఒక పలక రెండు చుక్కల్ని కప్పలేదండి. ఏ రెండు చుక్కల మధ్యనైనా ఒక గడి ఎడం ఉంది, పలక అంత దూరం సాగదు. అంటే పలకకి ఒక్క చుక్క, అంతకన్నా రాదు. పలకలు ఏడు. చుక్కలు ఎనిమిది." సుద్దముక్క పళ్లెంలో పెట్టేసింది. "ఒక చుక్క మిగిలిపోతుంది కదండీ. నేల ఎంత పొడుగైనా, బేసి అయితే ఒకటి మిగులుతూనే ఉంటుంది."

గది గొల్లుమంది. ఎగతాళి కాదు, సంతోషం. నాకు కూడా అర్థమైంది! లెక్క అర్థమైతే ఒళ్లు అలా జలదరిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. డాక్టరుగారి అమ్మాయి చప్పట్లు కొట్టింది.

పెద్దమ్మ మాత్రం బోర్డునే చూస్తూ ఉండిపోయింది. ఆ ఎనిమిది చుక్కల్నీ వేలితో ఒకటి రెండు సార్లు లెక్కపెట్టింది. తర్వాత బోర్డు తుడిచేసి, "బాగుంది. తెలివే" అంది. "కానీ తెలివి వేరు, గణితం వేరు. కూర్చో."

మర్నాటి నుంచి ఊరంతా ఆ పిల్ల గురించే చెప్పింది. స్కూల్లో చెప్పింది, బస్సులో చెప్పింది. "మట్టిలో మాణిక్యం అంటారే, అదీ" అంది. ఆ ఏడాది రాజధానిలోని పెద్ద పరిశోధన సంస్థ ఒక ప్రకటన ఇచ్చింది. గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ సొంతంగా ఏదైనా సాధించిన ఆడపిల్లల్ని దేశమంతటి నుంచీ పన్నెండుమందిని ఎంచుకుంటారు. అక్కడే ఉంచి పైచదువంతా చదివిస్తారు. ఒక టీచరు ఒక్క పిల్లకే సంతకం పెట్టి సిఫారసు చేయాలి. పెద్దమ్మ ఆ కాగితాన్ని తెచ్చి మేస్త్రి కూతురి ముందు పెట్టింది.

"మూడు వరసలు సరే. అసలు ఏ నేల మీద ఈ పలకలు పరవొచ్చు, ఏ నేల మీద పరవలేం? మొత్తం తేల్చి రాసుకురా. నేను ఇరవై ఏళ్లుగా అక్కడే ఆగిపోయాను" అని నవ్వింది.

ఆ పిల్ల మూడు వారాలు తీసుకుంది. ఆ మూడు వారాలూ నేను రోజూ ఆ పిల్ల మొహం చూశాను. పిలిస్తే పలికేది కాదు. ఒకరోజు రెండు కాళ్లకీ వేరువేరు చెప్పులు వేసుకొచ్చింది. "తిండి తింటున్నావుటే?" అని అడిగితే, "ఐదు వరసల దగ్గర చిక్కుంది, అది విడితే అన్నీ విడతాయి" అంది. నాకు జాలి వేసింది. అసూయ కూడా వేసింది. దేని గురించయినా కాళ్లకున్న చెప్పులు మరిచిపోయేంత ఇష్టం నాకు జీవితంలో లేదు.

నాలుగు పేజీలు తెచ్చి ఇచ్చింది. ఎక్కువ బొమ్మలే. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ స్కూలుకి సెలవు పెట్టి బల్ల దగ్గర కూర్చుంది. నేను వెనకగదిలో బట్టలు మడతపెడుతున్నాను. తలుపు ఓరగా ఉంది. ఆవిడ ఒక పేజీ చదివేది, లేచి నాలుగడుగులు నడిచేది, మళ్లీ కూర్చునేది. పెన్సిలుతో పక్కన గీసి చూసుకునేది. నాలుగో పేజీ అయ్యాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎంత బాగా చేసిందే, ముండ" అంది. గదిలో ఎవరూ లేరు. తనలో తనే అంది. ఆ గొంతులో అంత ముద్దు నేను ఎప్పుడూ వినలేదు. తర్వాత రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

సాయంత్రం అందరూ వచ్చారు. పాఠం అయ్యాక మేస్త్రి కూతుర్ని ఉండమంది. నన్ను పొమ్మనలేదు. సున్నా గదిలో ఉన్నా లేనట్టే.

"చదివానమ్మా" అంది. "తప్పుంది."

ఆ పిల్ల అర్థంకానట్టు చూసింది. "ఎక్కడండి?"

"మూడో పేజీ. చిన్న నేలలు కలుపుకుంటూ పోతే పెద్ద నేల అవుతుందన్నావు. కొన్ని చూసి అన్నిటికీ అవుతుందనేశావు. అది రుజువు కాదు, నమ్మకం."

"కాదండి, ఎంత పెద్దదైనా కోసుకుంటూ వస్తే చివరికి ఈ ఐదు నేలల్లో ఏదో ఒకటే మిగులుతుంది. ఇక్కడ రాశాను..."

"నేను ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను." గొంతు పెంచలేదు. మెల్లగా, దయగా అంది. "చూడమ్మా. నీకు పలకలు తెలుసు. మీ నాన్న పని కాబట్టి చేత్తో తెలుసు. నువ్వు చేసింది తాపీపని. మంచి తాపీపని. అక్కడికెళితే నిన్ను చూసి నవ్వుతారు. నువ్వు నవ్వులపాలైతే నేను చూడలేను."

ఆ పిల్ల నాలుగు పేజీలూ చేతిలోకి తీసుకుంది. మూడో పేజీ మీద గోళ్ల చుట్టూ తెల్లగా ఉన్న వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయింది. మళ్లీ పైకి వచ్చింది. నా వైపు ఒకసారి చూసింది. ఎందుకు చూసిందో తెలీదు. నేను ఒక్క మాట అంటే చాలు. మధ్యాహ్నం నువ్వన్నది విన్నాను పెద్దమ్మా, అంటే చాలు. నేను కిటికీ రెక్క వేయడానికి లేచాను.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు భయం కూడా కాదు. హాయిగా అనిపించింది. ఆ గదిలో సున్నా ఇప్పుడు నేనొక్కదాన్నే కాదు.

మూడ్రోజుల తర్వాత మేస్త్రి వచ్చాడు. పనిబట్టలతోనే వచ్చి, కుర్చీ మాస్తుందని కూర్చోలేదు.

"మా పిల్ల మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదండి. ఏదో కాగితాలు చూస్తూ కూర్చుంటుంది. నాకు ఆ చదువు తెలీదు. మీరు ఒక్క మాట చెప్పండి. పనికొచ్చే పిల్లేనా?"

"కష్టపడే పిల్ల. వినయం ఉన్న పిల్ల" అంది పెద్దమ్మ. "కానీ ఆ స్థాయి వేరండి. మీరు బాధపడకండి. ఏదైనా చేతిపని నేర్పించండి, బంగారంలా బతుకుతుంది."

"మీరు చెప్పాక ఇంకేముందండి." మేస్త్రి చేతులు జోడించాడు. "ఇంకొకరయితే ఆశపెట్టి వదిలేసేవారు. మీరు గనక ఉన్నమాట చెప్పారు."

గుమ్మం దిగుతూ మా మెట్టు మీద కదులుతున్న పలకని కాలితో నొక్కి చూశాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఎవరూ అడక్కుండానే, దాన్ని సరిచేసి పోయాడు.

పెద్దమ్మ సంతకం డాక్టరుగారి అమ్మాయికి పెట్టింది. ఆ అమ్మాయి లోలకాల మీద పుస్తకంలోంచి చూసి ఏదో రాసింది. బుద్ధిమంతురాలు, చక్కని దస్తూరి. పన్నెండుమందిలో ఎంపికైంది కూడా. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆ అమ్మాయి బాగా చదువుకుంది, రాజధానిలో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయింది.

మేస్త్రి కూతురు మళ్లీ మా ఇంటికి రాలేదు.

ఇరవై రెండేళ్లు గడిచాయి. పెద్దమ్మ రిటైరైనా సాయంత్రం బల్ల మానలేదు. నేను పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం చేసుకుంటూ ఆవిడతోనే ఉండిపోయాను. నాకు లెక్కలు రావు కానీ ఆవిడ మందులు ఏ వేళకి ఏవో వచ్చు. అలా ఉండగా ఆడపిల్లల్ని గణితం, భౌతికశాస్త్రాల వైపు ప్రోత్సహించినందుకు ఆవిడకి పురస్కారం ప్రకటించారు. హైస్కూల్ హాల్లో సభ. డాక్టరుగారి అమ్మాయి రాజధాని నుంచి వచ్చి, "మేడమ్ లేకపోతే నేను లేను" అని కళ్లు తుడుచుకుంది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ తలవంచుకుని కూర్చుంది. అందరూ అది వినయం అనుకున్నారు.

సభ అయ్యాక టీ దగ్గర, ఊరి బయట రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ మేనేజరు మా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, మా కటింగ్ సెక్షన్లో మీ శిష్యురాలు ఒకామె ఉందండి. గుడ్డ మీద చొక్కా ముక్కలు ఎలా సర్దాలో కంప్యూటర్ చూపిస్తుంది. ఈవిడ వచ్చి దాన్ని చూసి, ఇది ఇటు తిప్పు, అది అటు జరుపు అంటుంది. జానెడు గుడ్డ మిగులుతుంది. ఎలాగమ్మా అంటే, కనిపిస్తుంది సార్ అంటుంది. అంతే!" అని నవ్వాడు. "టైల్స్ మేస్త్రి కూతురట."

పెద్దమ్మ తాగని టీ కప్పు నా వైపు జాపింది. నేను అందుకున్నాను.

వారం గడిచింది. ఎనిమిదో రోజు పొద్దున్న, "నన్ను ఆ ఫ్యాక్టరీకి తీసుకెళ్లు" అంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్లాం. కటింగ్ సెక్షన్లో ముప్పై అడుగుల బల్ల, దాని మీద పొరలు పొరలుగా నీలం గుడ్డ. ఆమె ఒక్కతే స్టూలు మీద కూర్చుని డబ్బా విప్పుతోంది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. మమ్మల్ని చూసి లేచింది. ఆశ్చర్యపోలేదు.

"కూర్చోండి మేడమ్" అని స్టూలు ఇచ్చింది.

పెద్దమ్మ కూర్చోలేదు. దారి పొడుగునా కూడదీసుకున్న మాట ఒక్కసారే అనేసింది. "నీ లెక్కలో తప్పు లేదమ్మా. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

"తెలుసండి."

"తెలుసా?"

"ఆ వారమే తెలిసింది. ఇరవైసార్లు చూశాను. ఎక్కడా తప్పు లేదు." ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టింది. "లెక్కలో తప్పు లేకపోతే తప్పు మీలో ఉండాలి. అది మాత్రం మూడు రోజులు ఒప్పుకోలేకపోయాను. అన్నం తిననిది అందుకే. లెక్క కోసం కాదు."

"మరి వచ్చి అడగొచ్చుగా? అరవొచ్చుగా నామీద?"

"అరిస్తే సంతకం పెట్టేవారా?"

పెద్దమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మగాళ్లు ఎవరైనా వద్దనుంటే మీ దగ్గరికి పరిగెత్తుకొచ్చేదాన్ని మేడమ్. మా నాన్న వద్దంటే మీరు గొడుగేసుకుని వచ్చేవారు. మీరే వద్దంటే ఎవరి దగ్గరికి పోవాలి? చెప్పండి. ఊళ్లో ఇంకెవరున్నారు?" గుడ్డ ముక్కల గురించి చెబుతున్నట్టే చెప్పింది. "మా నాన్న చనిపోయేదాకా మీ మంచితనం తలుచుకునేవాడు. ఉన్నమాట చెప్పిన తల్లి అనేవాడు. నేను ఆయనకి చెప్పలేదు. ముసలాయనకి అదొక్కటైనా ఉండనీ అని."

పెద్దమ్మ బల్ల అంచు పట్టుకుంది. "ఇప్పటికైనా ఏదైనా చేస్తాను. రాజధానిలో మన ప్రొఫెసర్ ఉంది. ఆ పేజీలు ఉంటే..."

"మీరు తప్పన్న రోజే కదండీ వాటి పని అయిపోయింది. ఆ పలకల సంగతి ఎప్పుడో ఎవరో తేల్చేశారట కూడా. లైబ్రరీలో చూశాను. నాకన్నా బాగా రాశారు."

"నీకు పిల్లలున్నారా?"

"ఒక అమ్మాయి. పన్నెండేళ్లు."

"పంపు. నా దగ్గరికి పంపు. నేను..."

ఆమె మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. "దానికి లెక్కలంటే భయం మేడమ్. నేనే పెట్టాను ఆ భయం. రెండో తరగతిలో నాలాగే గోడలూ మెట్లూ లెక్కపెట్టడం మొదలెట్టింది. చెంప మీద ఒక్కటిచ్చాను. ఇప్పుడు లెక్కల పుస్తకం చూస్తే చెమటలు పడతాయి దానికి."

"ఎందుకే అంత పని చేశావు?" అంది పెద్దమ్మ.

"మెచ్చుకునేవాళ్ల చేతిలో పడకుండా."

బెల్లు మోగింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. ఆమె తినకుండానే డబ్బా సంచిలో పెట్టేసి చాక్‌పీసు అందుకుంది. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆమె విదిలించలేదు. కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు గుడ్డ ముట్టుకుంటే చూసినట్టు, ఎప్పుడు వదులుతుందా అని చూస్తూ నిలబడింది.

"నేను కూడా విన్నాను ఆ రోజు" అన్నాను, వెళుతూ వెళుతూ. ఎందుకన్నానో తెలీదు. నాకూ కాస్త తేలికపడాలనిపించిందేమో.

"మీరు కిటికీ వేశారు. గుర్తుంది" అంది ఆమె. అని గుడ్డ వైపు తిరిగింది.

మర్నాటి నుంచి పెద్దమ్మ ముందుగదిలోకి రాలేదు. సాయంత్రం ఐదింటికి పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడితే, ఇక చెప్పరని నేనే చెప్పి పంపాను. పురస్కారం వచ్చాక కళ్లు నెత్తికెక్కాయని ఊరు అంది. కొందరు తల్లులు వచ్చి బతిమాలారు, ఒకావిడ తిట్టింది. ఇద్దరు ఆడపిల్లల్ని ఆ నెలలోనే లెక్కలు మాన్పించారని విన్నాను. గొడుగు పట్టుకుని వెళ్లేవాళ్లు లేరు కదా.

ఒక పిల్ల మాత్రం వదల్లేదు. పదిహేనేళ్లుంటాయి. వారం రోజులు వరసగా వచ్చింది. చివరిరోజు నోటుబుక్కు తెరిచి నా చేతిలో పెట్టింది.

"ఆంటీ, ఈ ఒక్కటి చూసి తప్పో ఒప్పో చెప్పమనండి చాలు. పొమ్మంటే పోతాను."

లోపలికి తీసుకెళ్లాను. పెద్దమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పుస్తకం చూపిస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఒప్పే అని చెప్పు."

"చూడకుండానా?"

"చూస్తే ఏమంటానో నాకే నమ్మకం లేదే. ఒప్పే అని చెప్పి పంపెయ్."

పుస్తకం పట్టుకుని బయటికి వస్తూ నడవలో ఆగి చూశాను. నాకు లెక్కలు రావు. అయినా ఇన్నేళ్లు ఆ బల్ల దగ్గరే బతికాను కదా. ఐదో వరసలో మైనస్ గుర్తు జారిపోయింది. అక్కణ్ణించి కిందకంతా తప్పే.

"మేడమ్ ఏమన్నారు?" అంది ఆ పిల్ల ఆత్రంగా.

"ఒప్పే అన్నారు. కానీ ఇదిగో, ఇక్కడ చూడు, మైనస్ పోయింది. తప్పనిపిస్తోంది నాకు."

ఆ పిల్ల నేను చూపించిన చోటు చూడలేదు. నా మొహం చూసింది. చూసి, జాలిగా నవ్వింది.

"మేడమ్ ఒప్పంటే మీరు తప్పంటారేంటి ఆంటీ!" అని పుస్తకం లాక్కుని, రెండేసి మెట్లు దిగుతూ వెళ్లిపోయింది.